సూది ఎవరి చేతిలో ఉండాలి

నేను ఎవరినీ తొందరగా నమ్మను. ఇది ఉద్యోగం నేర్పిన గుణం కాదు, పుట్టుకతో వచ్చిందే. కూరగాయలామె తక్కెడ ఎత్తితే నా చూపు ముల్లు మీదికే పోతుంది. ఎవరైనా పొగిడితే ఈయనకు నాతో ఏం పనిపడిందా అనుకుంటాను. ఇలాంటి మనిషి డాక్టరయి, అందులోనూ చక్కెర జబ్బు చూడాల్సి వస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ జబ్బులో రోగి చెప్పేదే సగం వైద్యం. చెప్పేదాన్ని నమ్మకపోతే వైద్యం సాగదు, నమ్మితే మోసపోతాం.

ఈ మధ్య ఒక కుర్ర డాక్టరు మా ఇంటికి వచ్చి, "మనం చెప్పింది రోగులు చెయ్యరెందుకు సార్?" అని వాపోయాడు. నాకు నవ్వొచ్చింది. చెయ్యనివాళ్ళ సంగతి తర్వాత చూద్దాం నాయనా, నేను చెప్పింది అక్షరం పొల్లు పోకుండా చేసిన మనిషి ఒకడు నా కళ్ళముందు చావు దాకా వెళ్ళాడు అన్నాను. ఆ మనిషి సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఎక్కడ చదివాను, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది అనే గొడవ ఇందులో లేదు. అది తెలుసుకుని మీరు చేసేదీ ఏమీ లేదు.

పెనుకొండ సీసాలు

యాభైల మొదట్లో పెనుకొండలో ఉండేవాణ్ణి. రక్తంలో చక్కెర చూసే సదుపాయం లేదు. ఉన్నదల్లా మూత్రపరీక్ష. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవాళ్ళం. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగిందంటే జబ్బు ముదిరినట్టు.

చెన్నప్ప అని గొర్రెల మంద ఉన్న రైతు ప్రతి వారం సీసా తెచ్చేవాడు. ఎప్పుడు కాచినా చక్కటి నీలం. మనిషి చూస్తే పిక్కలు కరిగిపోతున్నాయి, పరీక్ష అయ్యేలోపు కుండలో నీళ్ళు రెండు చెంబులు తాగేస్తున్నాడు. నాకు అనుమానం తగిలింది. ఒకరోజు ఆ సీసా పక్కన పెట్టించి, కాంపౌండరును తోడిచ్చి ఆసుపత్రి వెనక్కి పంపాను. అప్పటికప్పుడు పట్టి తెచ్చిన మూత్రం కాచితే ఇటుక రంగు. ఇన్నాళ్ళూ తెచ్చింది వాళ్ళ తమ్ముడిది.

"ఎందుకు చేసినావప్పా ఇట్లా?" అని గట్టిగానే అడిగాను.

అతను ఏమాత్రం సిగ్గుపడలేదు. "ఎర్రగా వస్తే మీరు తిడతాండారు సార్. నీలంగా వస్తే నగుతాండారు. అంతదూరం నడిచొచ్చి తిట్లు తిని పొయ్యేదెందుకని మా తమ్మునిది తెస్తిని."

ఆ రోజు అతన్ని ఇంకా నాలుగు తిట్టి పంపించాను. మళ్ళీ రాలేదు. పరీక్షకు మార్కులు వేసినట్టు మొహం పెట్టే డాక్టరు దగ్గరికి ఎవరైనా మంచి మార్కులే తెస్తారు. ఇది చదువుకునే రోజుల్లో మాకెవరూ చెప్పలేదు.

హిందూపురంలో పెద్దాయన

తర్వాత హిందూపురం. అక్కడ నా పైఅధికారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. పేరెందుకు, మంచివాడే. చెయ్యి చాచని మనిషి, పుస్తకం చదవనిదే పడుకునేవాడు కాదు. ఒక్క విషయంలో మాత్రం మొండి. ఇన్సులిన్ సూది ఆసుపత్రి గడప దాటడానికి వీల్లేదు. రోగే రావాలి, మనమే వెయ్యాలి.

"వాళ్ళకు సిరంజి మీద గీతలు లెక్కపెట్టడం రాదయ్యా. ఎక్కువ వేసుకుని చచ్చాడనుకో, జవాబు చెప్పుకునేది నువ్వే" అనేవాడు.

ఆయన మాట నాకు తప్పనిపించేది కాదు. నాకూ రోగుల మీద గురి లేదు గదా. అక్కడ బెల్లం మండీలో ఒక వ్యాపారికి ఈ జబ్బు ఉండేది. బెల్లం ధర కట్టాలంటే నాలుక మీద పెట్టి చూడక తప్పదు. "మింగేది లేదు సామీ, ఊసేస్తా" అని ఒట్టు పెట్టాడు. నేను నమ్మక మండీకి వెళ్ళి బస్తాల చాటున నిలబడి చూశాను. ఊసేయడం నిజమే. ఊసేశాక వేళ్ళు శుభ్రంగా నాక్కున్నాడు. మనుషుల మాట ఇంతేలే అని నవ్వుకుంటూ వచ్చేశాను.

కానీ లేపాక్షి వైపు నుంచి ఒకామె వచ్చేది. కూలికి పోయే మనిషి. పొద్దున్నే బస్సు దొరికితే బస్సులో, లేకపోతే నడిచి వచ్చి సూది వేయించుకునేది. వేరుశనక్కాయలు పీకే కాలం రాగానే రావడం మానేసింది. ఒకరోజు ఎద్దులబండిలో తెచ్చారు. తెలివి లేదు, ఊపిరి బరువుగా తీస్తోంది, నోటి దగ్గర మాగిపోయిన పండు వాసన. మేం చెయ్యగలిగిందంతా చేశాం. బతకలేదు.

పెద్దాయన చేతులు కడుక్కుంటూ "చూశావా ఎంత నిర్లక్ష్యమో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రోజూ కోసెడు దూరం నడిచి వచ్చి, కూలి పోగొట్టుకుని, ఎండలో వెనక్కి నడిచే మనిషిది నిర్లక్ష్యమా? ఆ మందు ఆమె ఇంట్లో, నీళ్ళ కుండ పక్కన తడి ఇసకలో చల్లగా ఉండుంటే పొద్దున్నే వేసుకుని పనికి పోయేది. ఆయనతో ఆ మాట అనలేదు. అనేంత ధైర్యం లేదు. మనసులో మాత్రం ఒకటి తీర్మానించుకున్నాను, నాకంటూ ఒక ఆసుపత్రి చేతికొస్తే సూదిని గడప దాటిస్తానని.

ధర్మవరంలో ఓబులేసు

అరవైల్లో ధర్మవరం వచ్చాను. అక్కడ నా మీద ఊళ్ళో పెద్ద డాక్టరెవరూ లేరు.

ఓబులేసు పట్టుచీరలు నేసే మనిషి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పూటకు పదిసార్లు మగ్గం గుంతలోంచి లేచి దొడ్లోకి పోతున్నాడని, చీర ముందుకు సాగడం లేదని భార్య రామక్క తీసుకొచ్చింది. ఎముకల గూడులా ఉన్నాడు. ఇన్సులిన్ లేకపోతే నెలలు కూడా బతకడు. రోజుకు రెండుసార్లు మగ్గం దిగి వచ్చి మా వరండాలో కాచుకోవడం కుదిరే పని కాదు. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నది ఇతనితో మొదలుపెట్టాను. సిరంజి ఉడకబెట్టడం, మందు ఎక్కించడం, తొడలో గుచ్చుకోవడం నేర్పాను. దారం పోగులతో పనిచేసే చెయ్యి, వణకలేదు. వణికింది రామక్క.

"ఈ సూది మా ఇంట్లో వద్దు సామీ. మీరే ఎయ్యండి. ఆయప్పకేమన్నా అయితే నేను యాడికి పోవల్ల?"

"ఏమీ కాదులేమ్మా" అన్నాను. ఓబులేసు వైపు తిరిగి వేలు చూపించి మరీ చెప్పాను. "ఒక్క పూట తప్పించకూడదు. దేవుడొచ్చి చెప్పినా తప్పించకూడదు. తెలిసిందా?"

"తెలిసింది సార్" అన్నాడు.

శనివారం

మద్యనిషేధం ఉన్న రోజులు. తాగినవాణ్ణి పట్టుకుంటే పోలీసులు మా దగ్గరికి తెచ్చి, తాగాడని రాసిమ్మనేవాళ్ళు. సూది చేతికిచ్చాక వచ్చిన మొదటి శనివారం మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ ఓబులేసును రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. వెనకే రామక్క, కొంగు నోట్లో కుక్కుకుని.

"నాటుసారా పట్టించినాడు సార్. వీధిలో తూలుకుంటా పోతాంటే యాడికప్పా అంటే నన్నే కొట్టేకి వచ్చినాడు. బిరీన రాసిస్తే స్టేషనుకు తీసుకుపోతా."

చూస్తే ఓబులేసు కళ్ళు నిలవడం లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. నన్ను చూసి ఎవరో అనుకుని బూతు తిట్టాడు. నాకు ముందు వచ్చిన ఆలోచన చెప్పమంటారా? నమ్మి సూది చేతికిస్తే తాగి తిరుగుతున్నాడు అనుకున్నాను. కలం కూడా తీశాను. కానీ నా అనుమానం ఒక్కరి మీదే ఆగే రకం కాదు, హెడ్ కానిస్టేబుల్ మీదికీ పోయింది. వాసన చూశాను. సారా వాసన లేదు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా చెమట, ఒళ్ళు మంచు. ఇది సారా కాదు. సూది వేసుకున్నాడు, దానికి తగిన తిండి కడుపులో లేదు. రక్తంలో చక్కెర అడుగంటిపోయింది. స్టేషనులో కటకటాల వెనక పడేసి ఉంటే సాయంత్రానికి శవమే.

నరంలోకి గ్లూకోజు ఎక్కించాను. సూది ఇంకా తీయకముందే కళ్ళు నిలిచాయి.

"యాడుండా నేను?" అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ నా వైపు, అతని వైపు మార్చి మార్చి చూశాడు. "సారా ఇంత బిరీన దిగుతుందా సార్?" అన్నాడు. నేనేదో దొంగతనంగా తాగుబోతును కాపాడుతున్నానని ఆయన అనుమానం. వివరించి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఇక నా విచారణ మొదలైంది. రెండుసార్లు వేసుకున్నావా? లేదు. గీతలు సరిగ్గా చూశావా? చూశాను. మరి పొద్దున్నుంచి ఏం తిన్నావు?

"ఈ పొద్దు శనివారం గదా సార్" అన్నాడు, అదే జవాబైనట్టు.

రామక్క అందుకుంది. "మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు సామీ. కదిరి నరసింహస్వామికి మొక్కు. పొద్దు మునిగి దీపం పెట్టేదాకా పచ్చి గంగ ముట్టడు."

"మరి సూది ఎందుకు వేసుకున్నట్టు?"

ఓబులేసు ఆశ్చర్యంగా చూశాడు. "దేవుడు చెప్పినా తప్పించొద్దని మీరే అంటిరి గదా."

ఒక్కపొద్దు నాకు తెలియని ఆచారమేం కాదు, మా అమ్మా ఉండేది. ఇతను దేవుడి మాట దేవుడికి, డాక్టరు మాట డాక్టరుకు చెల్లించాడు. రెంటికీ మధ్య తన ఒంట్లో ఏం జరుగుతోందో తనను తాను అడగలేదు. అడగాలని ఎవరూ చెప్పలేదు. విధేయత చూసి మురిసిపోయే డాక్టర్లకు ఇదే చెబుతాను. చెప్పింది చేసే రోగి దగ్గర కూడా ఒక ప్రమాదం ఉంటుంది.

సూది వెనక్కి ఇచ్చేయమని

ఆ సాయంత్రమే రామక్క సిరంజి ఉన్న రేకుపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"దీన్ని మీరే పెట్టుకోండి సామీ. మీకు దండం పెడతా. మొగుణ్ణి ఈదిలో తాగుబోతని ఈడ్చుకొస్తాంటే ఎనక ఏడ్చుకుంటా వచ్చినా. ఇంకొకసారి నాతో కాదు."

ఈ గొడవ పెద్దాయన దాకా పోయింది. అప్పటికి ఆయన జిల్లాలో పైఅధికారి. ధర్మవరం వచ్చినప్పుడు కూర్చోకుండానే అడిగాడు. "నేను హిందూపురంలో ఏం చెప్పాను నీకు?" నేను తల వంచుకున్నాను. "తీసేసుకో సిరంజి. ఇంకొకసారి ఇట్లా జరిగితే నోటితో అడగను."

భార్యే వద్దంటోంది, అధికారి వద్దంటున్నాడు. నా అనుమానపు బుద్ధీ వద్దనే అంటోంది. తీసేసుకుంటే నాకు ఏ తలనొప్పీ లేదు. కానీ ఓబులేసు మగ్గం వదిలి పూటపూటా వరండాలో కూర్చోడు, అది నాకు తెలుసు. కొన్నాళ్ళు వస్తాడు, పండగ ముందు చీరల ఒత్తిడి రాగానే మానేస్తాడు. అప్పుడు బండిలో తెస్తారు. నాకు లేపాక్షి ఆమె ఊపిరి చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. పెద్దాయన్ను కొంచెం గడువు అడిగాను. మొహం ముడుచుకుని ఒప్పుకున్నాడు.

ఓబులేసును ఆసుపత్రిలో పడుకోబెట్టాను. చెమట పట్టి చెయ్యి వణికితే వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలని చెప్పాను. అతను పెడమొహం పెట్టాడు.

"ఇన్నాళ్ళూ తీపి ఇసం అంటిరి. ఇంట్లో బెల్లం డబ్బా కూడా దాపెట్టిస్తిరి. ఇప్పుడు బెల్లం తినమంటాండారు. ఏ మాట నమ్మల్ల సార్?"

"నా మాట నమ్మొద్దు" అన్నాను. విసుగుతో అన్న మాటే గానీ, అంటూండగానే అదే సరైన మాట అనిపించింది. "రేపు నీకే చూపిస్తా."

మరునాడు పొద్దున సూది వేసి, తిండి కావాలనే ఆలస్యం చేయించాను. ఒక పక్క నేను గ్లూకోజు సిద్ధంగా పెట్టుకుని, ఇంకో పక్క రామక్క గుప్పిట్లో బెల్లం పట్టుకుని. ఇది చంపడానికా బతికించడానికా అన్నట్టు ఆమె నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. నేను ఓబులేసు నుదుటి మీద చెమట కోసం చూస్తున్నాను. నుదురు పొడిగానే ఉంది. నాడి మామూలుగానే ఉంది.

"మొదులైంది సార్" అన్నాడు.

"ఏం మొదలైంది? నాకేమీ కనపడటం లేదే."

"పెదాల సుట్టూ చీమలు పాకుతాండాయి. ఆ పొద్దు ఈదిలోకి పొయ్యేముందర గూడా ఇట్లనే పాకినాయి. ఏందోలే అనుకుంటి."

నేను నమ్మలేదు. భయంతో అంటున్నాడనుకుని ఇంకాసేపు ఆగమన్నాను. కాసేపటికే నుదుటి మీద చెమట మొలిచింది, వేళ్ళు వణికాయి. అప్పుడు బెల్లం పెట్టించాం. నములుతూ నా వైపు చూశాడు. అతని ఒంట్లో జరిగేది నా కంటికి కనపడేలోపే అతనికి తెలుస్తోంది. నేను ఎంత చదివినా ఆ చీమలు నా పెదాల మీద పాకవు గదా.

శనివారం దగ్గర మాత్రం పెద్ద బేరమే నడిచింది. మొక్కు మానేయమన్నాను. "స్వామిని ఇడిచేది లేదు సార్, కావాలంటే సూదిని ఇడుస్తా" అన్నాడు. చివరికి రామక్కే తెగ్గొట్టింది. ఒక్కపొద్దులో పాలు, పండు పనికొస్తాయని, వాళ్ళ అవ్వ అట్లే ఉండేదని. ఆ రోజు సూది తగ్గించి, పొద్దున పాలు, పండు, మధ్యాహ్నం మళ్ళీ పాలు. అట్లా ముగ్గురం ఒప్పుకున్నాం. నీలం మందు సీసా, గాజు గొట్టం ఇచ్చి, ఇంట్లో కాచి చూసుకోవడం కూడా నేర్పాను. రేకుపెట్టె నేనే రామక్క చేతికి తిరిగి ఇచ్చాను. తీసుకుంది గానీ మొహంలో ఇష్టం లేదు.

బదిలీ

ఆ తర్వాత ఓబులేసు నెలకొకసారి వచ్చేవాడు. చెప్పినంతే వేసుకుంటున్నానని, పరీక్ష బాగుందని చెప్పేవాడు. ఒంటికి కండ పట్టింది. మళ్ళీ వీధిలో పడలేదు. నేను మాత్రం ప్రతిసారీ అడ్డంగా నాలుగు ప్రశ్నలు వేసి పట్టుకోవాలని చూసేవాణ్ణి. దొరకలేదు.

కొన్నాళ్ళకు నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. నా స్థానంలో వచ్చే ఆయన పెద్దాయన శిష్యుడని, సూదులు ఇళ్ళలో ఉండనివ్వడని విన్నాను. ఊరు విడిచేముందు ఓబులేసు ఇంటికి వెళ్ళాను. మగ్గం మీద జరీ అంచు చీర సగం దిగి ఉంది. రామక్క చక్రం తిప్పుతూ దారం కండెలకు చుడుతోంది. ముందు నా కళ్ళెదుట పరీక్ష చేయమన్నాను. అతని మూత్రమేనని చూసుకోవడం కూడా మర్చిపోలేదు. లేత ఆకుపచ్చ వచ్చింది, చక్కెర ఉన్నా లేనట్టే. అంతకంటే ఏం కావాలి?

"సూది ఎంత వేసుకుంటున్నావప్పా?"

అతను పెళ్ళాం వైపు చూశాడు. నాకు ఆ చూపు చాలు. "నిజం చెప్పు" అన్నాను.

"మీరు చెప్పినదానికి నాలుగు గీతలు తక్కువ సార్. ఇట్లా జరీ చీర పడినప్పుడు కాళ్ళూ చేతులూ ఎక్కువ ఆడతాయి. మీరు చెప్పినంత ఏసుకుంటే పెదాలకు చీమలు వస్తాండాయి. పడుగు అతికే దినాల్లో మగ్గం ఆడదు, ఊరికే కూసోనుంటా గదా, అప్పుడు మీరు చెప్పినంతా ఏసుకుంటా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"శానా దినాలాయ."

అంటే ప్రతి నెలా నా ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పాడు. మనుషుల్ని చదవడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి.

"నాతో చెప్పడానికేం?"

జవాబు రామక్క చెప్పింది, కండె ఆపకుండా. "చెప్తే సూది పెరుక్కుంటారని బయం సామీ. మీరు ఎవురినీ నమ్మరు గదా."

కాదనడానికి నోరు తెరిచాను. కానీ గీతలు తగ్గించిన సంగతి వాళ్ళు ముందే చెప్పి ఉంటే నేను సూది పెరుక్కునేవాణ్ణే.

"వచ్చే డాక్టరుకేం చెప్తావు మరి?" అని ఓబులేసును అడిగాను.

"ఆయప్పను సూసినాక చెప్తా సార్."

సూది మొన అరిగిందేమో చూద్దామని పక్కనున్న రేకుపెట్టె కోసం చెయ్యి చాచాను. నిజంగా అందుకే. నా చెయ్యి చేరేలోపు రామక్క చక్రం వదిలేసి ఆ పెట్టెను లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, మీద కొంగు కప్పింది. నా మొహంలోకే చూస్తూ కప్పింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రోగులు నాకు కనపడకుండా మందు దాచడం సర్వీసంతా చూశాను, చూసినప్పుడల్లా మండిపడ్డాను. దాచినందుకు నేను సంతోషపడింది మాత్రం ఆ ఒక్కసారే.